వడ్డీ ముందు, అద్దె వెనక: హైదరాబాద్ మెట్రో మొదటి దశ లెక్కలు

2025 సెప్టెంబరులో తెలంగాణ ప్రభుత్వానికీ ఎల్ అండ్ టీకీ మధ్య సూత్రప్రాయంగా ఒక అవగాహన కుదిరింది. హైదరాబాద్ మెట్రో మొదటి దశపై ఉన్న సుమారు రూ.13,000 కోట్ల అప్పును రాష్ట్రం తన మీద వేసుకుంటుంది. కంపెనీ వాటాకు బదులుగా రాష్ట్రమే దానికి దాదాపు రూ.2,000 కోట్లు చెల్లిస్తుంది. 35 ఏళ్లు నడపాల్సిన ప్రాజెక్టు నుంచి, రైలు పట్టాలెక్కిన ఎనిమిదో ఏటే కంపెనీ తప్పుకుంటోందన్నమాట.

వార్త రాగానే రెండు వాదనలు వినిపించాయి. ప్రజా రవాణాను ప్రైవేటు చేతిలో పెట్టడమే తప్పని కొందరు అన్నారు. ప్రభుత్వాలు సహకరించి ఉంటే బాగానే నడిచేదని మరికొందరు అన్నారు. పట్టణ ప్రాజెక్టులకు ఆదాయ వ్యయాల నమూనాలు తయారుచేయడం నా వృత్తి. ఈ ప్రాజెక్టులో నేను ఏ పక్షానా పనిచేయలేదు. అయితే మున్సిపల్ అధికారులకు ప్రాజెక్టు ఫైనాన్స్ పాఠం చెప్పాల్సి వచ్చినప్పుడల్లా దీన్నే ముందు పెట్టుకుంటాను, ఎందుకంటే ఇందులో అంకెలన్నీ బహిరంగంగా ఉన్నాయి. వాటిని వరసగా పేర్చి చూస్తే పై రెండు వాదనలూ అసలు విషయం చుట్టూ తిరుగుతున్నాయనిపిస్తుంది. రైలు రావడంతో పెరిగే భూమి విలువలోంచి రైలు ఖర్చు రాబట్టాలన్న ఆలోచన మంచిదే. ఆ పెరిగిన విలువ ఎవరి చేతికి పోతుంది, ఎప్పుడు పోతుంది అన్నచోట ఒప్పందం తడబడింది.

ఎదురు డబ్బిస్తామన్న బిడ్డు

మెట్రోకు మొదటి టెండరు 2008లో ఖరారైంది. అది వయబిలిటీ గ్యాప్ ఫండ్ పద్ధతి. ప్రాజెక్టు తనంతట తాను గిట్టుబాటు కాదనుకున్నప్పుడు లోటు పూడ్చడానికి ప్రభుత్వం గ్రాంటు ఇస్తుంది. వ్యయంలో 20 శాతం దాకా కేంద్రం, మరో 20 శాతం దాకా రాష్ట్రం ఇవ్వవచ్చు. ఎవరు తక్కువ గ్రాంటు అడిగితే పని వారిది. మేటాస్ నాయకత్వంలోని కన్సార్షియం, అంటే కంపెనీల కూటమి, గ్రాంటు అడగకపోగా, ఒప్పంద కాలంలో తానే రాష్ట్రానికి రూ.30,311 కోట్లు చెల్లిస్తానంది.

అప్పటి ఢిల్లీ మెట్రో అధినేత ఈ.శ్రీధరన్ ప్రణాళికా సంఘానికి లేఖ రాసి, మెట్రో పేరిట ప్రైవేటు సంస్థకు విలువైన భూములు అప్పగించడంపై అభ్యంతరం చెప్పారు. రాష్ట్ర ప్రభుత్వం ఆయనపై మండిపడింది. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ కుంభకోణం బయటపడింది. మేటాస్ కూడా సత్యం అధినేత రామలింగరాజు కుటుంబానిదే. బ్యాంకుల నుంచి నిధులు సమకూరలేదు, జూలైలో ఒప్పందం రద్దయింది.

దీన్ని కుంభకోణం కథగా చెప్పుకుని వదిలేయడం మనకు అలవాటు. నాకు మాత్రం ఆ రూ.30,311 కోట్ల అంకె దగ్గరే ఆగాలనిపిస్తుంది. టికెట్ల డబ్బుతో పెట్టుబడి తిరిగి రాబట్టుకున్న మెట్రోలు ప్రపంచంలో అరుదు. కాబట్టి ఆ సొమ్ము భూమి నుంచే రావాలి. 2007-08లో హైదరాబాద్ భూముల ధరలు ఎలా ఎగబాకాయో చూసినవారికి అందులో ఆశ్చర్యం ఉండదు. ఆర్థిక నమూనా షీటులో ఏటా అద్దెలు ఎంత శాతం పెరుగుతాయో రాసే గడి ఒకటి ఉంటుంది. అందులో 6 వేస్తే నేటి రూపాయి 35వ ఏటికి ఏడున్నర రూపాయలు దాటుతుంది. అదే గడిలో 10 వేస్తే 28 రూపాయలవుతుంది. ఒక్క గడిలో నాలుగు శాతం తేడాకు ఫలితం మూడున్నర రెట్లకు పైగా మారిపోతుంది. బిడ్డు పత్రాలు పరిశీలించే కమిటీలు చివరి మొత్తాన్ని పోల్చినంత శ్రద్ధగా ఆ గడిని పోల్చవు. నా అనుభవంలో ఇది చాలాసార్లు చూశాను.

రెండో బిడ్డు, రూ.16,375 కోట్లు

2010 జూలైలో మళ్లీ బిడ్లు తెరిస్తే ఎల్ అండ్ టీ రూ.1,458 కోట్ల గ్రాంటు అడిగి నెగ్గింది. అప్పటి అంచనా వ్యయం రూ.12,132 కోట్లలో ఇది 12 శాతం. 40 శాతం దాకా అడిగే వీలున్నచోట 12 శాతం చాలనడం మేటాస్ అంత విపరీతం కాకపోయినా ఆ నమ్మకం భూమి మీదే నిలిచింది. సెప్టెంబరులో ఒప్పందంపై సంతకాలయ్యాయి. 2011లో ఎస్‌బీఐ నాయకత్వాన పది బ్యాంకులు అప్పు మంజూరు చేశాయి.

మెట్రోకు రూ.14,132 కోట్లు, స్టేషన్ల వద్ద, డిపోల వద్ద వాణిజ్య భవనాలకు రూ.2,243 కోట్లు కలిపి మొత్తం రూ.16,375 కోట్లయింది. ఇందులో గ్రాంటు రూ.1,458 కోట్లు, కంపెనీ ఈక్విటీ (సొంత పెట్టుబడి) రూ.3,439 కోట్లు, బ్యాంకు అప్పు రూ.11,478 కోట్లు. అంటే 70 శాతం అప్పే, అదీ మన బ్యాంకుల వాణిజ్య వడ్డీకి. ఢిల్లీ మెట్రోను కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు సమాన వాటాలతో కట్టాయి, అప్పులో పెద్ద భాగం తక్కువ వడ్డీకి, దీర్ఘకాలానికి జపాన్ నుంచి వచ్చింది. అదే కాంక్రీటు, అవే బోగీలు, కానీ కింద ఉన్న డబ్బు స్వభావం వేరు. మెట్రోల మధ్య పోలికలు వచ్చినప్పుడు స్తంభాల డిజైను గురించి గంటలు మాట్లాడతారు, అప్పు కాలపరిమితి గురించి ఎవరూ అడగరు.

ఆదాయం ఎలా వస్తుందనుకున్నారో కూడా బహిరంగమే: సగం టికెట్ల మీద, 45 శాతం ఆస్తుల అద్దెల మీద, 5 శాతం ప్రకటనల మీద. భూసేకరణ, తీగల తరలింపు, నీటి గొట్టాల తరలింపు రాష్ట్రం బాధ్యత. వాటిలో ఆలస్యాలు జరిగాయి. మధ్యలో రాష్ట్రం రెండైంది, కొత్త ప్రభుత్వం అసెంబ్లీ, సుల్తాన్ బజార్, పాతబస్తీల దగ్గర మార్గం మార్చమంది. ఆ తగవులన్నీ పత్రికలు అప్పుడే కావలసినంత రాశాయి, వాటిని మళ్లీ తవ్వను. 2017 నవంబరులో మియాపూర్-నాగోలు మధ్య మొదటి 30 కిలోమీటర్లు తెరుచుకున్నాయి. 2020 ఫిబ్రవరికి 69 కిలోమీటర్లు పూర్తయ్యాయి. మహాత్మాగాంధీ బస్ స్టేషన్ (ఎంజీబీఎస్) నుంచి ఫలక్‌నుమా దాకా వెళ్లాల్సిన ముక్క మిగిలిపోయింది. ఫిబ్రవరిలో పూర్తయిన మెట్రో మార్చిలో లాక్‌డౌన్‌తో ఆగిపోయి సెప్టెంబరు దాకా కదలలేదు.

ఒక్కో ప్రయాణికుడి తలపై వడ్డీ

ఈ లెక్కను బోర్డు మీద వేసి చూపిస్తాను. సులువుగా ఉండడానికి వడ్డీ 10 శాతం అనుకుందాం. రూ.11,478 కోట్లకు ఏడాదికి దాదాపు రూ.1,148 కోట్లు. రోజుకు రూ.3.14 కోట్లు. ప్రాజెక్టు అంచనాల్లో తొలినాళ్లకే రోజుకు 15 లక్షల మంది ఎక్కుతారన్నారు. ఆ లెక్కన ఒక్కో ప్రయాణానికి వడ్డీ వాటా 21 రూపాయలు. టికెట్టు సగటున 30 రూపాయలున్నా వడ్డీ పోను విద్యుత్తుకు, సిబ్బందికి కొంత మిగులుతుంది. పైన అద్దెలు వస్తాయి. బండి నడుస్తుంది.

నిజానికి ఎక్కింది, కోవిడ్ ముందు నాలుగు లక్షలు, తర్వాత కోలుకున్నాక నాలుగున్నర లక్షలు. 2023 జూలైలో ఒక రోజు ఐదు లక్షలు దాటితే పండగ చేసుకున్నారు. నాలుగున్నర లక్షలతో భాగిస్తే ఒక్కో ప్రయాణం మీద వడ్డీ 70 రూపాయలు పడుతుంది. 2017 పట్టికలో కనీస ఛార్జీ 10 రూపాయలు, గరిష్ఠం 60. ఈ చివర నుంచి ఆ చివరకు ప్రయాణించి పూర్తి టికెట్టు కొన్నవారి డబ్బు కూడా వడ్డీకే సరిపోదు. రైలు కిటకిటలాడుతుంటే నష్టమెలా వస్తుందని అడిగేవారికి నేను చెప్పే జవాబు ఇదే. ఉదయం తొమ్మిదికి అమీర్‌పేటలో నిలబడడానికి చోటు లేకపోవడం నిజం. ఆ రద్దీకి మూడింతల రద్దీని లెక్కపెట్టుకుని తీసుకున్న అప్పన్నదీ నిజం.

2020-21లో సంస్థ నష్టం సుమారు రూ.1,766 కోట్లు. రైళ్లు మామూలుగా తిరిగిన 2024-25లో కూడా దాదాపు రూ.626 కోట్ల నష్టం వచ్చింది. కోవిడే కారణమైతే రెండో అంకె ఇలా ఉండకూడదు.

ప్రయాణికుల అంచనాలు తప్పడం ఒక్క హైదరాబాద్ జబ్బు కాదు. దేశంలో చాలా మెట్రోలు అంచనాల్లో సగం కూడా అందుకోలేదు. అయితే మిగతాచోట్ల ఆ తప్పు ప్రభుత్వ ఖజానాలో కలిసిపోతుంది, బయటికి కనిపించదు. ఇక్కడ కంపెనీ ఖాతా పుస్తకం వేరుగా ఉండడం వల్ల కనబడింది. పారదర్శకత కోణంలో ఇదొక మేలు అనే అంటాను.

భూమి డబ్బు ఎటు పోయింది

ఈ కేసులో అసలు సారం ఇక్కడుంది. కంపెనీకి 269 ఎకరాలపై హక్కు వచ్చింది. అందులో 212 ఎకరాలు డిపోల దగ్గర, 57 ఎకరాలు స్టేషన్ల పక్క పార్కింగ్ స్థలాల్లో. మొత్తం 1.85 కోట్ల చదరపు అడుగులు కట్టుకోవచ్చన్నారు. పంజాగుట్ట, ఎర్రమంజిల్, హైటెక్ సిటీ, మూసారాంబాగ్‌లలో మాల్స్ లేచాయి. అనుమతించిన విస్తీర్ణంతో పోలిస్తే కట్టింది చిన్న భాగమే.

కారణం వెతకడానికి మార్కెట్ మందగమనం దాకా పోనక్కర్లేదు, హక్కు స్వభావాన్ని చూస్తే చాలు. ఆ భూమిని అమ్మే హక్కు కంపెనీకి లేదు. ఒప్పంద కాలం ఉన్నంతవరకు లీజుకు మాత్రమే ఇవ్వగలదు. హైదరాబాద్‌లో రియల్ ఎస్టేట్ ఏ పద్ధతిలో నడుస్తుందో తెలిసినవారికి దీని బరువు అర్థమవుతుంది. ఇక్కడ బిల్డరు పునాది తీయకముందే ఫ్లాట్లు అమ్ముతాడు, కొనుగోలుదారుల వాయిదాల డబ్బుతో అంతస్తులు లేపుతాడు. లీజు భూమిలో ఆ దారి మూసుకుపోతుంది. మొదట సొంత డబ్బు లేదా అప్పు తెచ్చి పూర్తిగా కట్టాలి, తర్వాత అద్దెదారుల కోసం వెతకాలి, ఆ తర్వాత నెలనెలా అద్దె వసూలు చేసుకోవాలి. 2012 నుంచి లెక్క మొదలైన ఒప్పందంలో 2027లో చేరే అద్దెదారుకు 35 ఏళ్ల మొదటి గడువులో మిగిలేది 20 ఏళ్లే. ఏటేటా ఆ హక్కు విలువ కరిగిపోతుంటుంది. వడ్డీ మాత్రం మొదటి విడత అప్పు తీసుకున్న రోజు నుంచే నడుస్తుంది. నిర్మాణ కాలంలో కట్టలేని వడ్డీ అసలులో కలుస్తుంది. మెట్రో కట్టడానికి తెచ్చిన అప్పే మెడ మీద ఉండగా మాల్స్ కట్టడానికి ఏ బ్యాంకు కొత్తగా ముందుకొస్తుంది?

ఇక రెండోది. మెట్రో వల్ల విలువ పెరిగిన భూమి ఆ 269 ఎకరాలే కాదు. మియాపూర్ నుంచి ఎల్బీ నగర్ దాకా, నాగోలు నుంచి రాయదుర్గం దాకా స్టేషన్ నుంచి నడిచి వెళ్లే దూరంలో ఉన్న ప్రతి స్థలానికీ విలువ పెరిగింది. కూకట్‌పల్లిలో మెట్రో పక్కన ఇల్లు అద్దెకు వెతికినవారిని అడిగితే చెబుతారు. ఆ పెరుగుదలలో మెట్రో ఖాతాకు చేరినది శూన్యం. కొంత స్టాంపు డ్యూటీ రూపంలో రాష్ట్రానికి పోయింది. మిగిలినదంతా స్థలం ఉన్నవారికి.

ముంబయి, అహ్మదాబాద్‌లలో అయితే స్టేషన్ల చుట్టూ అదనపు నిర్మాణ హక్కును, అంటే అదనపు ఎఫ్ఎస్ఐని (స్థలానికి ఎన్ని రెట్ల విస్తీర్ణం కట్టవచ్చో చెప్పే పరిమితి), ధర కట్టి అమ్మవచ్చు. హైదరాబాద్‌లో ఆ అవకాశం 2006లోనే పోయింది. ఆ ఏడాది వచ్చిన జీవో 86 భవన నిర్మాణ నిబంధనలు ఎఫ్ఎస్ఐ పరిమితినే ఎత్తేశాయి. రోడ్డు వెడల్పు, చుట్టూ వదిలే ఖాళీ స్థలం, అగ్నిమాపక నిబంధనలు చూసుకుని ఎంత ఎత్తయినా కట్టుకోవచ్చు. నగరం ఆకాశానికి ఎదగడానికి అది తోడ్పడిందన్న మాట నిజమే. కానీ అందరికీ ఉచితంగా దొరికే సరుకును ఎవరూ డబ్బిచ్చి కొనరు. మెట్రో ఒప్పందానికి నాలుగేళ్ల ముందే ప్రభుత్వం తన చేతిలోని ముఖ్యమైన ఆదాయ మార్గాన్ని వదులుకుంది. ఈ రెండు నిర్ణయాలు వేర్వేరు శాఖల్లో, వేర్వేరు ఫైళ్లలో జరిగాయి.

ఈ నగరానికి ఇలాంటి ఆలోచన కొత్తా అంటే, కాదు. 1908 మూసీ వరద తర్వాత నిజాం ప్రభుత్వం 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డును ఏర్పాటు చేసింది. ఆ బోర్డు పత్తర్‌గట్టి దగ్గర రోడ్డు వెడల్పు చేయడంతో ఆగకుండా, దాని వెంట రాతి తోరణాల దుకాణాలనూ తానే కట్టింది. రోడ్డు వేసేవాడి చేతిలోనే రోడ్డు పక్క స్థలమూ ఉండడం ఇక్కడ గమనించాల్సిన విషయం.

తర్వాతి కాలంలో అదే నగరం ఈ పనిని మరోచోట లాభసాటిగానే చేసింది. కోకాపేటలో నగరాభివృద్ధి సంస్థ హెచ్ఎండీఏ 2023 ఆగస్టులో 45 ఎకరాల పైచిలుకు భూమిని ఒక్క రోజు వేలంలో రూ.3,319 కోట్లకు అమ్మింది. ఒక ప్లాటు ఎకరం రూ.100.75 కోట్లు పలికింది. ఆ ఒక్క రోజు వేలం సొమ్ము మెట్రోకు ఇచ్చిన గ్రాంటుకు రెండింతల కంటే ఎక్కువ. కోకాపేటకు మెట్రో లేదు. అక్కడి విలువ ఔటర్ రింగ్ రోడ్డు నుంచి, ఐటీ కారిడార్ నుంచి వచ్చింది. అభివృద్ధి చేసిన భూమిని చేతిలో ఉంచుకుని, ధర పండాక, పూర్తి యాజమాన్య హక్కుతో అమ్మారు. మెట్రోలో ఇవేవీ లేవు.

ఔటర్ రింగ్ రోడ్డు ఉదాహరణ మరీ స్పష్టం. 158 కిలోమీటర్ల ఆ రోడ్డును ముందు ప్రభుత్వ పూచీతో కట్టారు. కొంత భాగానికి జపాన్ రుణం, మరికొంత భాగానికి ఏడాదికింత చెల్లించే యాన్యుటీ పద్ధతి. వాహనాల రద్దీ ఏళ్ల తరబడి కళ్లకు కనిపించాక, 2023లో టోలు వసూలు హక్కును 30 ఏళ్లకు రూ.7,380 కోట్లకు లీజుకిచ్చారు. ఆ ధర తక్కువన్న రాజకీయ వివాదం ఉంది, దాని జోలికి నేను పోవడం లేదు. క్రమాన్ని చూడండి. నిర్మాణ రిస్కు, రద్దీ రిస్కు ప్రభుత్వం మోసింది, అవి తీరాక ప్రైవేటుకు అప్పగించింది. కాబట్టి కొనేవాడు ధైర్యంగా నగదు పెట్టాడు. మెట్రోలో ఆ రిస్కులన్నీ తేలకముందే కంపెనీకి ఇచ్చి, దానికి ప్రతిఫలంగా నెమ్మదిగా అద్దె వచ్చే భూమిని చేతిలో పెట్టారు.

ఛార్జీలు, బస్సులు

కాగితం మీద ఛార్జీలు పెంచే దారి ఉంది. 2022లో ఛార్జీల నిర్ణయ కమిటీ ఏర్పడింది, కొత్త ఛార్జీలు 2025 మే నెలకు గానీ అమలు కాలేదు. గరిష్ఠం 75 రూపాయలకు పెంచి, విమర్శలు రాగానే పది శాతం తగ్గించి 69 దగ్గర ఆపారు. 2023 డిసెంబరు 9 నుంచి మహిళలకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం మొదలైంది. దాని ప్రభావం తమపై పడిందని కంపెనీ చెప్పింది. ఆ పథకాన్ని నేను తప్పుపట్టను. ఉద్యోగానికి, ఆసుపత్రికి వెళ్లే మహిళలకు అది చేసిన మేలు కంటికి కనబడుతోంది. కానీ ఒకే మార్గంలో రెండు రవాణాలు నడుస్తున్నప్పుడు ఒకదాన్ని ఉచితం చేస్తే రెండోదాని ఆదాయ నమూనా మారుతుందన్న లెక్క ఎవరో ఒకరు వేసి, ఆ తేడాను ఎవరు భరిస్తారో ముందే రాసుకోవాలి. అలాంటి మార్పులకు పరిహారం ఎలా లెక్కగట్టాలో తేల్చే నిబంధనను మన రాష్ట్రాల్లోని పట్టణ ఒప్పందాల్లో నేను పట్టుబట్టి పెట్టిస్తుంటాను. సంతకం రోజున ఎవరికీ దాని అవసరం కనిపించదు.

రెండో దశ కాగితాలు

2024 నవంబరులో రాష్ట్రం రెండో దశ ప్రతిపాదనను కేంద్రానికి పంపింది. 76.4 కిలోమీటర్లు, రూ.24,269 కోట్లు. రాష్ట్రం వాటా రూ.7,313 కోట్లు, కేంద్రానిది రూ.4,230 కోట్లు, అప్పు రూ.11,693 కోట్లు, ప్రైవేటు భాగస్వామ్యం రూ.1,033 కోట్లు. మొదటి దశలో కట్టడం, నడపడం, అప్పు తీర్చడం అన్నీ ప్రైవేటు భుజాల మీద ఉంటే ఇందులో ప్రైవేటు వాటా 4 శాతానికి దిగింది. లోలకం ఒక చివర నుంచి రెండో చివరకు వెళ్లింది. అప్పు దాదాపు సగం. ప్రభుత్వ పూచీతో వస్తుంది కాబట్టి వడ్డీ తక్కువ ఉంటుంది, గడువు ఎక్కువ ఉంటుంది. మొదటి దశ రూ.13,000 కోట్లు కూడా రాష్ట్రం మీదికి వస్తే ఆ పాత అప్పును ఇదే స్వభావం గల డబ్బుతో మార్చుకోవడం ఆర్థిక శాఖ మొదట చేయాల్సిన పని. వడ్డీ ఒక్క శాతం తగ్గితే ఏడాదికి రూ.130 కోట్లు మిగులుతాయి.

ఈ ప్రతిపాదనలో నాకు లోటనిపించేది భూమి విలువ. రూ.24,269 కోట్ల నాలుగు వాటాల్లో, మార్గం పొడవునా లాభపడే స్థలయజమానుల వాటా అంటూ ఒక వరుస లేదు. పాతబస్తీని చూడండి. ఎంజీబీఎస్ నుంచి చాంద్రాయణగుట్ట దాకా ఏడున్నర కిలోమీటర్ల మార్గానికి రోడ్డును 100 అడుగులకు వెడల్పు చేస్తున్నారు. స్థలం కోల్పోయేవారికి గజానికి రూ.81,000 చొప్పున 2025 జనవరి నుంచి చెక్కులు ఇచ్చారు. ముందు వరుస ఇల్లు పోతుంది, దానికి పరిహారం వస్తుంది. వెనక సందులో ఉన్న 200 గజాల ఇల్లు రేపు 100 అడుగుల రోడ్డు మీదికి, మెట్రో స్టేషన్ దగ్గరికి వచ్చేస్తుంది. గజానికి 20 వేలు పెరిగిందనుకున్నా ఆ ఇంటికి వచ్చే లాభం 40 లక్షలు. ముందు వరుసవారికి రాష్ట్రం చెల్లించింది, రెండో వరుసవారు ఏమీ చెల్లించరు. అందరూ పేదలే కదా అని ఇక్కడ ఎవరైనా అనవచ్చు. ఆ ఇంట్లో ఉంటున్నవారి నుంచి ఇప్పుడు డబ్బు అడగమని నేనూ అనను. ఆ స్థలం చేతులు మారినప్పుడో, పాత ఇల్లు కూల్చి అయిదంతస్తులు లేపడానికి అనుమతి కోరినప్పుడో పెరిగిన విలువలో కొంత తీసుకోవచ్చు. గుజరాత్ 1976 పట్టణ ప్రణాళిక చట్టం కింద టౌన్ ప్లానింగ్ స్కీముల్లో బెటర్‌మెంట్ రుసుము వసూలు చేయడం మామూలే. హైదరాబాద్‌లో కూడా ఎత్తైన భవనాలపై ఇంపాక్ట్ ఫీజు ఇప్పటికే ఉంది. దాన్ని స్టేషన్ చుట్టూ అర కిలోమీటరు పరిధికి వేరే రేటుతో వర్తింపజేసి, వచ్చిన డబ్బు మెట్రో అప్పు ఖాతాకే వెళ్లేలా కట్టుదిట్టం చేయాలి.

ఇందుకు ముందు చేయాల్సిన పని చిన్నది, ఖర్చు కూడా పెద్దగా లేదు. ప్రతి ప్రతిపాదిత స్టేషన్ చుట్టూ ఉన్న స్థలాల రిజిస్ట్రేషన్ విలువలను, గత అయిదేళ్ల అసలు అమ్మకాల ధరలను సర్వే నంబర్లవారీగా నమోదు చేసి పెట్టుకోవాలి. మార్గం ప్రకటించిన రోజు నుంచే ధరలు కదులుతాయి. నాగోలు నుంచి శంషాబాద్ వెళ్లే మార్గంలో ఇప్పటికే కదిలి ఉంటాయి. పనులు మొదలయ్యాక తీసే పట్టికలో మెట్రో తెచ్చిన పెరుగుదల పాత ధరలో కలిసిపోయి ఉంటుంది, అప్పుడు ఏ కోర్టులోనూ దాన్ని విడదీసి చూపించలేం.